చేదర్థకం తెలిసిన పిల్లకు ‘ఇఫ్’ ఎందుకు కొరుకుడు పడదు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఉన్నత పాఠశాల టైమ్‌టేబుల్ తిరగేసినా తెలుగు పీరియడూ ఇంగ్లీషు పీరియడూ పక్కపక్కన పడిన రోజు ఒకటైనా కనిపిస్తుంది. తెలుగు మాస్టారు ఆ రోజు సంక్లిష్ట వాక్యం చెబుతున్నారనుకోండి. క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం అని నాలుగు పేర్లు బోర్డెక్కుతాయి. వాటి పక్కన చేసి, చేస్తూ, చేస్తే, చేసినా అని నాలుగు ఉదాహరణలు. గంట కొడతారు. ఇంగ్లీషు టీచరు వచ్చి, ఆ బోర్డు తుడిచేసి, ఇఫ్, వెన్, వైల్, ఆల్దో, బికాజ్, అన్‌లెస్ అని ఇంకో జాబితా రాస్తారు. వీటితో రెండేసి వాక్యాలు కలపమంటారు. తుడిచేసిన దానికీ, కొత్తగా రాసిన దానికీ చుట్టరికం ఉందని ఆ గదిలో ఎవరూ అనరు. మన పిల్లలకు ఇంగ్లీషు ఉపవాక్యాలు పట్టుబడకపోవడానికి తెలుగు అడ్డొస్తోందనే మాట చాలాకాలంగా వింటున్నాం. తెలుగును వాడుకోకపోవడమే అసలు అడ్డంకి అని నేనంటాను. ఇంగ్లీషు ఉపవాక్యాన్ని తెలుగు క్రియ చివరి నుంచి మొదలుపెట్టి నేర్పాలన్నది ఈ ప్రసంగంలో నా వాదన.

జాబితాతో నేర్పే పద్ధతి ఊరికే పుట్టలేదు. అది పనికొచ్చే చోట బాగానే పనికొస్తుంది. స్పానిష్ మాట్లాడే కుర్రాడి సంగతి చూడండి. ‘ఇఫ్’ అనడానికి వాడి భాషలో ‘సీ’ ఉంది. ‘బికాజ్’కు ‘పోర్కే’, ‘ఆల్దో’కు ‘ఔంకే’, ‘దట్’కు ‘కే’ ఉన్నాయి. ఇవన్నీ విడి మాటలు. ఉపవాక్యానికి ముందు నిలబడతాయి. వీటి వెనక క్రియ తన కాలంతో, తన పురుషతో నిండుగా వస్తుంది. ఇంగ్లీషు కట్టుబడీ ఇదే కాబట్టి జతలు చెప్పేస్తే వాడికి సగం పని అయిపోయినట్టే. వాడూ తప్పులు చేస్తాడు. ‘నువ్వు రావాలని నా కోరిక’ అనబోయి, తన ‘కే’ను ‘దట్’గా మార్చేసి, ‘ఐ వాంట్ దట్ యూ కమ్’ అంటాడు. అయినా మాటకు మాట దొరికిన తర్వాత జరిగే తప్పు అది. మన పిల్లకు ఆ మాటే దొరకదు. ‘వాన పడితే’ అనే దాంట్లో ‘ఇఫ్’ ఎక్కడుంది? క్రియ చివర ‘తే’ అని అతుక్కుని ఉంది. ‘పడినా’లో ‘ఆల్దో’ ఆ చివరి దీర్ఘంలో ఉంది. పైగా ఆ ప్రత్యయం తగలగానే క్రియ తన కాలాన్నీ పురుషనూ వదిలేస్తుంది. నేనైనా నువ్వైనా వాళ్ళైనా ‘వస్తే’ ఒక్కటే. ఇది తెలుగుకున్న లోపం కాదు. తమిళం, కన్నడం, జపనీస్, టర్కిష్ అన్నీ ఇలా వాక్యం చివర క్రియను పెట్టుకుని, లంకెలను వెనక తగిలించుకునే భాషలే. 1963లో జోసెఫ్ గ్రీన్‌బర్గ్ ప్రపంచంలోని భాషల పదక్రమాలను పోల్చి చూసి, క్రియ చివర ఉండే భాషల్లో విభక్తుల లాంటివి కూడా నామానికి వెనకే చేరతాయని చూపించాడు. వెనక లంకె ఉన్న వాళ్ళకు ముందు లంకె ఉన్న భాష నేర్పుతున్నప్పుడు, మాటల జాబితా ఇచ్చి ఊరుకుంటే అసలు పాఠం మొదలే కానట్టు.

ఒక్క చోట ఆగి దగ్గర నుంచి చూద్దాం. పలాస వైపు ఏ ఇంట్లోనైనా నలిగే మాటలే తీసుకుంటాను. ‘అమ్మ ఆరబెట్టిన జీడిపిక్కలు.’ ‘జీడిపిక్కలు ఆరబెట్టిన అమ్మ.’ ‘అమ్మ జీడిపిక్కలు ఆరబెట్టిన బరకం.’ ‘అమ్మ జీడిపిక్కలు ఆరబెట్టిన రోజు.’ నాలుగింటిలోనూ ‘ఆరబెట్టిన’ అనే రూపం ఒక్కటే. ఇంగ్లీషులో మొదటిదానికి ‘విచ్’ కావాలి, రెండోదానికి ‘హూ’ కావాలి, మూడోదానికి ‘ఆన్ విచ్’ కావాలి, నాలుగోదానికి ‘వెన్’ కావాలి. తెలుగు ఆ తేడాలను పైకి చూపదు, వినేవాడికే వదిలేస్తుంది. బరకాన్ని ఎవరూ ఆరబెట్టరు గనక, దాని మీద ఆరబెట్టారని మనకు ఇట్టే తెలిసిపోతుంది. ఇంగ్లీషు వినేవాడికి అంత పని అప్పగించదు. దాంతో మన పిల్ల ‘ద షీట్ విచ్ మదర్ డ్రైడ్ ద నట్స్’ అని రాసి ఊరుకుంటుంది. ఏదో తగ్గిందని అనుమానం వచ్చిన పిల్లయితే చివర ‘ఆన్ ఇట్’ అని కూడా తగిలిస్తుంది. ఎర్రసిరాతో కొట్టేస్తే ఆ తప్పు పోదు, ఎందుకు వచ్చిందో తెలిస్తే పోతుంది. దారి తెలుగులోనే ఉంది. బరకాన్ని దాని వాక్యంలోకి తిరిగి పంపమనాలి. అప్పుడు ‘అమ్మ జీడిపిక్కల్ని బరకం మీద ఆరబెట్టింది’ అవుతుంది. దాక్కున్న ‘మీద’ బయటికి వచ్చింది. ఆ ‘మీద’నే ఇంగ్లీషు ‘ఆన్’ అంటుంది, దాన్ని ‘విచ్’ ముందో వాక్యం చివరో నిలబెడుతుంది. ఇక ‘ఇట్’కు చోటు లేదు, ఎందుకంటే బరకం స్థానంలో ‘విచ్’ అప్పటికే వచ్చి కూర్చుంది. ఈ మాత్రం పనికి ఏ గొప్ప పుస్తకమూ అక్కర్లేదు, పిల్ల నోట్లో ఉన్న తెలుగు చాలు.

మన వ్యాకరణాలు కూడా వాక్యాన్ని విప్పి చూసే పనికి ఆలస్యంగానే దిగాయి. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణంలో సంధికీ సమాసానికీ క్రియకూ కృదంతానికీ పరిచ్ఛేదాలున్నాయి గానీ, వాక్యానికని విడిగా ఒక్కటీ లేదు. ఆ లోటును తీర్చిన పుస్తకం 1975లో వచ్చిన చేకూరి రామారావు గారి ‘తెలుగు వాక్యం’. పదేళ్ళకు, 1985లో, భద్రిరాజు కృష్ణమూర్తి గారూ గ్విన్ గారూ కలిసి ఆధునిక తెలుగుకు ఇంగ్లీషులో ఒక వ్యాకరణం రాశారు. తెలుగు ఉపవాక్యం ఎలా పనిచేస్తుందో చెప్పే సరంజామా అంతా వీటిలో ఉంది. అది విశ్వవిద్యాలయం గడప దాటి తొమ్మిదో తరగతి ఇంగ్లీషు గదిలోకి రాకపోవడమే విడ్డూరం.

ఇప్పుడు చేదర్థకానికి వద్దాం. ‘తే’ అంటే ‘ఇఫ్’ అని చెప్పేసి ముందుకు పోతే పిల్ల గోతిలో పడుతుంది. ‘నాన్న పిలిస్తే వెళ్తాను’ అన్నప్పుడు అది ‘ఇఫ్’. ‘నాన్న పిలిస్తే వెళ్ళాను’ అన్నప్పుడు నాన్న పిలవడం అప్పటికే జరిగిపోయింది కాబట్టి ‘వెన్’ కావాలి, సందర్భాన్ని బట్టి ‘బికాజ్’ కూడా కావచ్చు. ‘నాన్న పిలిచి ఉంటే వెళ్ళేవాణ్ణి’ అన్నప్పుడు మళ్ళీ ‘ఇఫ్’, కానీ క్రియ రూపం వేరు. అప్యర్థకమూ ఇంతే. ‘వాన పడినా బస్సు వచ్చింది’ అంటే ‘ఆల్దో’, ‘వాన పడినా బస్సు వస్తుంది’ అంటే ‘ఈవెన్ ఇఫ్’. గమనించారా? ‘పిలిచి ఉంటే’ను పక్కన పెడితే, తెలుగులో ఆ తేడా ఉపవాక్యంలో లేదు, చివరి క్రియలో ఉంది. మనం వాక్యం ముగిసేదాకా ఆ సంగతి తేల్చం. ఇంగ్లీషు మొదటి మాటకే తేల్చేయాలంటుంది. అంటే ఇంగ్లీషులో నోరు తెరిచే ముందే మన పిల్ల తన తెలుగు వాక్యం చివర ఏముందో చూసుకోవాలి. చివరి క్రియను ముందు చూడు, అది జరిగిందా, జరగబోతుందా, జరిగి ఉండాల్సిందా తేల్చుకో, ఆ తర్వాత లంకె మాట ఎంచుకో. ఈ క్రమం చెప్పని పాఠం ‘ఇఫ్ ఫాదర్ కాల్డ్, ఐ వెంట్’ అనే వాక్యాన్నే పుట్టిస్తుంది.

మిగతా తప్పుల్లో కూడా ఇలాంటి తర్కమే కనిపిస్తుంది. ‘నువ్వు రాకపోతే’ అనే దాంట్లో వ్యతిరేకార్థం క్రియలోనే ఉంది. ‘అన్‌లెస్’ అనే మాట ఆ వ్యతిరేకార్థాన్ని తన కడుపులో పెట్టుకుని వస్తుంది. పిల్ల రెంటినీ ఉంచి ‘అన్‌లెస్ యూ డోంట్ కమ్’ అంటుంది. ‘ఎందుకంటే’ తెలుగులో కొత్త వాక్యాన్ని మొదలుపెట్టే మాట కాబట్టి, ‘నేను బడికి రాలేదు’ దగ్గర చుక్క పెట్టి, ‘బికాజ్ ఐ హ్యాడ్ ఫీవర్’ అని రెండో వాక్యం రాసి దానికీ చుక్క పెడుతుంది. ‘కాబట్టి’ రెండు వాక్యాల నడుమ నిలబడే మాట కాబట్టి, ‘బికాజ్’తో మొదలుపెట్టిన వాక్యం మధ్యలో ‘సో’ కూడా దూరుస్తుంది. అన్నిటికన్నా చిక్కు తెచ్చేది ‘అని’. ‘వస్తానని చెప్పాడు’ అన్నప్పుడు ఆ మనిషి అన్న మాట అన్నట్టే నిలుస్తుంది. దాన్ని ఉన్నదున్నట్టు దించితే ‘హీ సెడ్ దట్ ఐ విల్ కమ్’ అవుతుంది, వచ్చే మనిషే మారిపోతాడు. పోనీ ‘అని’ అంటే ప్రతిచోటా ‘దట్’ అనుకుందామా అంటే, ‘వాన పడుతుందని గొడుగు తెచ్చాడు’ అనే చోట అది కారణమవుతుంది, ‘అమ్మకు చూపిద్దామని తెచ్చాడు’ అనే చోట ఉద్దేశమవుతుంది. ‘హౌఎవర్’, ‘దేర్‌ఫోర్’, ‘మోరోవర్’ లాంటి వాటి గురించి నేను పెద్దగా చెప్పను. కానీ, అందుకని, పైగా అంటూ తెలుగులో కూడా అవి విడి మాటలే, నిలబడే చోటూ దాదాపు అదే. జాబితా పద్ధతి మన దగ్గర కూడా పనికొచ్చేది వాటికే. చిత్రమేమిటంటే బడుల్లో ఎక్కువ కష్టపడి నేర్పేదీ వాటినే.

తెలుగు కేవలం తప్పులకు కారణం చెప్పి ఊరుకోదు, ఒప్పును కూడా నేర్పగలదు. ఇంగ్లీషు వ్యాకరణాల్లో ఒక హెచ్చరిక ఉంటుంది. ‘హ్యావింగ్ ఫినిష్డ్ ద వర్క్, ద బస్ కేమ్’ అనకూడదు, పని ముగించింది బస్సు కాదు కదా అని. బాగా చదువుకున్న ఇంగ్లీషువాళ్ళ రాతల్లో కూడా ఈ పొరపాటు దొర్లుతుంది. ఇదే మాట మన ఏడో తరగతి పిల్లతో తెలుగులో అనండి. ‘పని ముగించి బస్సు వచ్చింది.’ పకపకా నవ్వుతుంది. క్త్వార్థకంతో వచ్చే పనినీ, చివరి క్రియ చెప్పే పనినీ ఒకే కర్త చెయ్యాలన్న సూత్రం ఎవరూ చెప్పకుండానే ఆ పిల్ల చెవిలో ఉంది. ‘వానలు పడి చెరువులు నిండాయి’ అన్నప్పుడు మాత్రం కర్తలు వేరైనా నవ్వదు, అక్కడ ఒకటి రెండోదానికి కారణం. సూత్రమే కాక దాని మినహాయింపు కూడా ఆమెకు తెలుసన్నమాట. ఇంత సూక్ష్మమైన జ్ఞానం ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్న పిల్లను, ఇంగ్లీషు గదిలో ఏమీ రానిదానిలా కూర్చోబెడుతున్నాం.

దీనికి మొదటి అభ్యంతరం బలమైనదే. ఇంగ్లీషును ఇంగ్లీషులోనే నేర్పాలి, తెలుగు మీదుగా పోతే పిల్లలు జీవితాంతం మనసులో అనువాదం చేసుకుంటూనే ఉంటారు అంటారు. ఈ వాదం వందేళ్ళకు పైబడినది. అప్పట్లో దాన్ని డైరెక్ట్ మెథడ్ అన్నారు. కానీ వాడుక భాషే భాషాబోధనకు పునాది కావాలని గట్టిగా చెప్పిన హెన్రీ స్వీట్ కూడా, 1899లో భాషలు నేర్చుకోవడం గురించి రాసిన పుస్తకంలో, అర్థం చెప్పడానికి మాతృభాష వాడటాన్ని తోసిపుచ్చలేదు. 1967లో సి. జె. డాడ్సన్ ద్విభాషా పద్ధతి పేరుతో ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఆయన ఆ పని చేసింది ఇంగ్లీషూ వెల్షూ పక్కపక్కన బతికే వేల్స్ దేశంలో. ఇక మన గిడుగు రామమూర్తి గారినే చూడండి. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, తెలుగు వచ్చిన సవరల సాయంతో ఆయన సవర భాష పట్టుకున్నారు. ఒక భాష చెయ్యి పట్టుకుని ఇంకో భాషలోకి నడిచారు. ఆ నడక 1931లో సవర భాషకు వ్యాకరణ గ్రంథంగా, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువుగా తేలింది. మాతృభాష మీదుగా వెళ్ళినవాడు అక్కడే చిక్కుకుపోతాడనే భయానికి మన జిల్లాలోనే ఇంత పెద్ద సమాధానం ఉంది. పిల్లల చుట్టూ రోజంతా ఇంగ్లీషు వినిపించే చోట నేరుగా నేర్పడం కుదురుతుంది. రోజుకు ఒక పీరియడు ఇంగ్లీషు దొరికే మందస, మెరకముడిదాం బడుల్లో, ‘ఆన్ విచ్’ దానంతట అది చెవిన పడి వంటబట్టడానికి ఎన్నేళ్ళు పడుతుందో లెక్కవేసుకోండి. నేను పీరియడంతా తెలుగులో నడపమనడం లేదు. లంకె దగ్గర కొద్ది నిమిషాలు తెలుగులో ఆగి, మిగతా సమయమంతా ఇంగ్లీషు వినడానికీ మాట్లాడటానికీ ఇవ్వమంటున్నాను.

రెండో అభ్యంతరం భాషాశాస్త్రం చదివినవాళ్ళది. ఇంగ్లీషు నేర్చుకునే వాళ్ళందరూ కొన్ని తప్పులు చేస్తారు, అన్నీ తెలుగు నెత్తిన రుద్దకండి అంటారు. నిజమే. ‘హీ గోస్’ దగ్గర ఆ చివరి ‘ఎస్’ జారవిడవడం ప్రపంచమంతటా ఉన్నదే. ‘ఆల్దో’ పెట్టి మళ్ళీ ‘బట్’ పెట్టే తప్పు చీనావాళ్ళలో కూడా ఉంది, వాళ్ళ భాషలో అలా రెండు మాటలూ జంటగా వాడటమే పద్ధతి. కాబట్టి ఒక తప్పు తెలుగు వల్లనే వచ్చిందని తేల్చి చెప్పడం కష్టం. నా వాదనకు అంత తేల్చుకోవలసిన అవసరం కూడా లేదు. తప్పు ఎక్కడ పుట్టినా దాన్ని సరిచేయడానికి పిల్ల దగ్గరున్న పనిముట్టు ఏది అన్నదే ప్రశ్న. బరకం ఉదాహరణలో ‘మీద’ను బయటికి లాగింది ఆమె తెలుగే.

చేదర్థకం, అప్యర్థకం అనే సంస్కృతం పేర్లే పిల్లలకు గుదిబండలు, వాటిని ఇంగ్లీషు గదిలోకి కూడా మోసుకెళ్ళాలా అని ఇంకొందరు విసుక్కుంటారు. ఆ విసుగుతో నాకు పేచీ లేదు. పేర్లు వదిలేయండి, ‘తే’ అనీ ‘నా’ అనీ అంటే చాలు. ఇంకా ఒక మాట. మన ప్రాంతపు పిల్లలు ‘ఒచ్చినాడు’, ‘ఏటి’, ‘నాను రానన్నాడు’ అంటే క్లాసులో నవ్వే వాళ్ళు ఈనాటికీ ఉన్నారు. 1906–07 ప్రాంతంలో స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా ఈ వైపు వచ్చిన జె. ఎ. యేట్స్ దొర, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకం తెలుగుకూ ఇంత ఎడమెందుకని అడిగాడు. ఆ ప్రశ్నను గురజాడ అప్పారావు గారూ గిడుగు వారూ పట్టుకుని ఉద్యమం చేశారు. ఆ ఉద్యమం గెలిచిందని పండగ చేసుకుంటున్నాం గానీ, శ్రీకాకుళం పిల్ల ఇంటి తెలుగుకు మాత్రం బడిలో పూర్తి మర్యాద దక్కలేదు. ఉపవాక్యం విషయంలో ఆ ఇంటి తెలుగుకు ఏ లోటూ లేదు. ‘వస్తే’ కాస్తా ‘ఒస్తే’ అవుతుంది, అంతే. పైగా మాట్లాడేటప్పుడు ‘ఒస్తాన్లే, నువ్వు పిలిస్తే’ అని ఉపవాక్యాన్ని వెనక్కి తోయడం ఇంట్లో మామూలే. ఇంగ్లీషులో ‘ఇఫ్’ వాక్యం రెండోది కావడం వింత కాదని చూపించడానికి పుస్తకం తెలుగు కన్నా ఈ ఇంటి తెలుగే నయం.

గట్టిగా ఆలోచించవలసిన అభ్యంతరం ఇంకొకటుంది. అన్ని గదుల్లోనూ తెలుగు పిల్లలే ఉండరు. సీతంపేట, భామిని వైపు సవర పిల్లలకు తెలుగే రెండో భాష. ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇళ్ళున్నాయి. సవర ముండా కుటుంబపు భాష, తెలుగుకు చుట్టం కాదు. తెలుగు ‘తే’ మీదుగా ‘ఇఫ్’ నేర్పితే ఆ పిల్లల మీద రెండు బరువులు పడతాయి. ఇక్కడ నా పద్ధతి ఉన్నదున్నట్టు నడవదు, ఒప్పుకుంటాను. దాని వెనకున్న సూత్రం మాత్రం నడుస్తుంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో, సవరతో సహా, పిల్లలకు ఇంటి భాషలో చదువు మొదలుపెట్టే కార్యక్రమం వచ్చింది. గిడుగు వారు అంతకు ఎన్నో ఏళ్ళ ముందే సవర పిల్లలకు వాచకాలు రాసి, బడులు పెట్టించారు. ఆ పిల్లలకు లంకె చూపవలసింది సవర వాక్యంలో. ఆ పని చేయగల టీచర్లు సవర ఇళ్ళ నుంచే రావాలి, వాళ్ళను తయారుచేయడం ప్రభుత్వం పని.

మిగతా బడులకు ఆ సాకు లేదు. 2020 తర్వాత మన ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఒక పుట ఇంగ్లీషు, ఎదురు పుట తెలుగు వస్తున్నాయి. మీడియం గురించి ఎన్ని తగువులున్నా, ఆ ఎదురుపుటలు మన వాదనకు దొరికిన మంచి పరికరం. ఇప్పుడు పిల్లలు ఇంగ్లీషు పుట అర్థం కాక తెలుగు పుట చదివి పక్కన పడేస్తున్నారు. రెంటినీ వేళ్ళతో కలిపి చదివించవచ్చు. సైన్సు పుస్తకంలో ‘నీటిని వేడిచేస్తే’ అనే చోట వేలు పెట్టమని, ఎదురు పుటలో ఆ ‘తే’ ఏమైందో వెతకమనండి. అక్కడ ‘వెన్’ కనిపిస్తుంది, ‘ఇఫ్’ కాదు. ఎందుకని అడగండి. నీరు కాగితే ఆవిరవడంలో అనుమానం లేదు గనక అని ఏ మూల నుంచో ఒక గొంతు చెబుతుంది. పదో తరగతి పరీక్షలో ‘రెండు వాక్యాలను ఆల్దోతో కలపండి’ అని లంకె మాట ముందే చేతికిచ్చి అడిగే ప్రశ్నకు బదులు, ‘నాన్న పిలిస్తే వెళ్తాను’, ‘నాన్న పిలిస్తే వెళ్ళాను’ అని రెండు తెలుగు వాక్యాలిచ్చి ఇంగ్లీషులో చెప్పమని ఒక ప్రశ్న పెట్టవచ్చు. ప్రశ్నపత్రం మారేదాకా ఆగనక్కర్లేదు కూడా. తెలుగు మాస్టారూ ఇంగ్లీషు టీచరూ కూర్చునేది ఒకే స్టాఫ్‌రూములో. సంక్లిష్ట వాక్యం పాఠం ఏ వారం వస్తుందో ఒకరినొకరు అడిగి తెలుసుకుని, ఆ వారం బోర్డు తుడవకుండా ఉంచుకుంటే చాలు.